ఉంగరానికి ఒక రూలు, ఇమాం జామిన్‌కు ఒక రూలు

రెఫరీ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఆఫ్‌సైడ్ ఎట్లా పట్టాలి, పెనాల్టీ ఎప్పుడివ్వాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి, పోయి చదువుకోండి అంటాను. పుస్తకంలో లేనిది జనం. సున్నపు గీతకు అవతల నిలబడి గొంతు చించుకునే జనాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో ఏ పుస్తకమూ చెప్పదు. వాళ్లకు ఆట తెలియదు, లొల్లి చేయడానికే వస్తారు అనుకునే రెఫరీలను చాలామందిని చూశాను. వాళ్లలో ఒక్కడూ మంచి రెఫరీ కాలేదు.

జుట్టు నెరిసేదాకా నేను ఈల ఊదాను. ఎన్ని కప్పులు చేతులు మారాయో గుర్తులేదు, గుర్తుపెట్టుకోవలసిన అవసరమూ లేదు. ఖాదర్ ఉస్తాద్‌నూ, పాల మల్లయ్యనూ మాత్రం మరిచిపోలేదు. వాళ్లిద్దరి గురించి చెబితే ఈ పని ఏమిటో చెప్పినట్టే.

ఉస్తాద్ దగ్గర జెండా

నేను పుట్టింది సైదాబాద్‌లో, పాడి బర్రెల మధ్య. చెప్పుల్లేని కాళ్లతోనే ఫుట్‌బాల్ నేర్చాను. పందొమ్మిదివందల ముప్పైలలో ఒక బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరాను. ఆ బడిలో పెద్ద డ్రిల్లు మాస్టరు ఖాదర్ ఉస్తాద్. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. మైదానంలో ఆయన కేక వేయగా నేను వినలేదు. మేము బడి వాళ్లమే కానీ ఏ కాలేజీకీ చెందినవాళ్లం కాదు కాబట్టి, నగరంలోని కాలేజీల ఫుట్‌బాల్ పోటీలకు ఆయన్ను రెఫరీగా పిలిచేవాళ్లు. గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తే పని నాది.

మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "నర్సింగ్, బాల్ ఏడ పోతదో అందరు సూస్తరు. నువ్వు బాల్ లేని దిక్కు సూడు. తప్పులన్నీ ఆడనే అయితయి."

నా సర్వీసులో నేను విన్న ఉపదేశాల్లో పనికొచ్చింది ఇదొక్కటే. మిగిలినవి మీటింగుల్లో టీ తాగడానికి అక్కరకొచ్చాయి.

తండ్రి కాలేజీలో, కొడుకు నా క్లాసులో

ఆ రోజుల్లో కాలేజీ ఆటలకు రూళ్లకు కొదవలేదు. ఆటగాడు నిజంగా చదువుకునేవాడై ఉండాలి, హాజరు ఉండాలి, పరీక్ష తప్పకూడదు. అన్నీ మంచి రూళ్లే. నడిపే చేతులే మంచివి కావు.

పాతబస్తీలో మా జనం మెచ్చిన కాలేజీ ఒకటుండేది. చిన్న కాలేజీ. పాలవాళ్ల పిల్లలు, టాంగావాళ్ల పిల్లలు, గాజులు చేసేవాళ్ల పిల్లలు ఫీజు కోసం తిప్పలు పడుతూ అక్కడ చదివేవాళ్లు. నదికి అవతల పెద్దింటి పిల్లలు చదివే కాలేజీ ఇంకొకటి. జ్వరంతో మంచం పట్టి హాజరు తగ్గిన మా వైపు కుర్రాడిని ఒక ఏడాది ఆటలోంచి తీసేశారు. అదే ఏడాది అవతలి కాలేజీలో ఫుల్‌బ్యాక్‌గా ఆడిన పెద్దమనిషికి నిండు మీసాలు. ఆయన కొడుకు మా బడిలో నా డ్రిల్లు క్లాసులో ఉండేవాడు. తండ్రి కాలేజీలో చదువుతున్నాడంటే నమ్మాలి మరి! అడిగేవాడు లేడు. పోటీలు జరిపే కమిటీ పెద్దలు షామియానా కింద కూర్చుని షర్బత్ తాగేవాళ్లు.

జనం మాత్రం అడిగేవాళ్లు. వాళ్లందరిలోకి పెద్ద గొంతు పాల మల్లయ్యది. సైదాబాద్‌లో మా వీధివాడే. ఆయన ఒక్కగానొక్క కొడుకు కొమురయ్య మా వైపు కాలేజీలో చదువుతూ గోల్‌కీపరుగా ఆడేవాడు. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. మల్లయ్య గీత పక్కన నిలబడి, "రెఫ్రీ సాబ్, గా మీసాలాయన మనుమలను గూడ ఆడిపియ్యరాదూ!" అని కేక వేస్తే మైదానం అంతా నవ్వేది. షామియానా కింద మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కారు.

ఆట ఆగిపోయిన ఏడాది

ఒంటి మీద లోహం ఉండకూడదని ఒక రూలు. ఎవరి కడియమో తగిలి ఎవరిదో నుదురు చిట్లిన తర్వాత కమిటీ ఈ రూలును గట్టిగా పట్టుకుంది. ఆట మొదలయ్యే ముందు రెఫరీ ఆటగాళ్లను చూసి పంపాలి.

మా వైపు కాలేజీ కెప్టెన్ యూసుఫ్, జహనుమా కుర్రాడు. ఆ ఏడాది ఫైనల్‌కు వాళ్లమ్మ అతని కుడి జబ్బకు ఇమాం జామిన్ కట్టి పంపింది. ప్రయాణానికో పెద్ద పనికో బయలుదేరే బిడ్డకు తల్లి కట్టే పచ్చగుడ్డ అది. అందులో ఒక నాణెం మూటగట్టి ఉంటుంది. బిడ్డ క్షేమంగా తిరిగొచ్చాక ముడి విప్పి ఆ నాణెం పేదలకిస్తారు. పాతబస్తీలో పుట్టిన ఎవరికైనా, హిందువుకైనా సరే, ఆ ముడి మధ్యలో విప్పకూడదని తెలుసు.

ఉస్తాద్‌కు మనకంటే బాగా తెలుసు. అయినా నాణెం లోహమే. ఆయన చాకు తీసి ముడి కోసేశాడు. యూసుఫ్ కళ్లు దించుకున్నాడు. తర్వాత ఉస్తాద్ అవతలి వరుస చూశాడు. వాళ్ల కెప్టెన్ ఒక పెద్ద జాగీర్దారు ఇంటి పిల్లవాడు, పేరు సలీం. అతని వేలికి రాయి పొదిగిన ఉంగరం. ఎండలో అది మెరవడం గీత పక్కన నిలబడిన నాకు కూడా కనిపించింది. అతని మామ కమిటీ పెద్ద, షామియానాలో ముందు కుర్చీ ఆయనదే. ఉస్తాద్ ఆ చేతి ముందు నుంచి నడిచి వెళ్లిపోయాడు. ఈల ఊదాడు.

మల్లయ్య ఊరుకుంటాడా! "మా పోరని గుడ్డముడి కనవడ్డది, ఆయన ఉంగరం కనవడలేదా?" అన్నాడు. ఆ మాటను వెనకనున్నవాళ్లు అందుకున్నారు. కాసేపటికి మైదానంలో బంతి కంటే చెప్పులు ఎక్కువ తిరిగాయి. ఆట ఆగిపోయింది. కప్పు ఎవరికీ ఇవ్వలేదు.

కమిటీ తీర్పు మాత్రం వెంటనే వచ్చింది. తప్పంతా జనానిది. వచ్చే ఏడు మళ్లీ లొల్లి అయితే పాతబస్తీ కాలేజీని పోటీల నుంచి తీసేస్తారు, రెఫరీని కూడా మారుస్తారు. ఉంగరం ఊసే లేదు. ఆ పిల్లలకు ఆటే కాలేజీలో పరువు. ఆట పోతే కొమురయ్య లాంటివాళ్లు మళ్లీ పాల క్యాన్ల దగ్గరికి పోతారని నాకు భయమేసింది.

బర్రెల కొట్టం దగ్గర

మరుసటి ఏడు పోటీలకు కొంచెం ముందు, ఒకరోజు ఉస్తాద్ నన్ను వెంటబెట్టుకుని మల్లయ్య కొట్టానికి వచ్చాడు. ఒక రెఫరీ, తనను నలుగురిలో నిలదీసినవాడి ఇంటికి తనంత తానుగా నడిచి వెళ్లడం నేను అప్పటికి చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. మల్లయ్య బర్రె పొదుగు దగ్గర నుంచి లేవకుండానే, "ఏంది సాబ్, గీడ గూడ సీటీ ఊదుతవా?" అన్నాడు.

"ఊదను గని, ఒక మాట అడగనీకి వచ్చిన. గా రోజు గంత కోపం దేనికి? రూలు తప్పా?"

"రూలు వద్దని మేమెన్నడన్న అన్నమా? రూలుండాలె. గని మా దిక్కు కన్ను తెరిసి, గా దిక్కు కన్ను మూస్తే గదేం రూలు? మా పోరగాండ్లు ఓడితే ఏడుస్త సాబ్, తిని పండుకుంట. ఓడగొడితే మాత్రం నిద్రవట్టదు."

ఉస్తాద్ గడ్డిమోపు మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఉంగరం నాకు కనవడ్డది మల్లయ్యా. షామియానాల కూసున్నోళ్లు గూడ కనవడ్డరు. గందుకే చూడనట్టు పోయిన. గుడ్డ కోసింది తప్పు కాదు, ఉంగరం ఇడిసిపెట్టింది తప్పు."

మల్లయ్య అప్పుడు లేచాడు. చేతులు కడుక్కుని, చెంబు నిండా మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. "గీ మాట నీ నోట్లకెళ్లి వచ్చింది, గదే చాలు. ఇగ గిట్ల చెయ్యి. షామియానా ఎనక గాదు, నడిమిట్ల అందరి ముంగట నిలవెట్టి చూడు. మేం గూడ చూస్తం. రూలు ఎవనికి తగిలినా నోరు తెరిస్తే నన్నడుగు. మా మందికి నేను జమానత్."

పూచీ ఇచ్చేటప్పుడు ఆ రూలు తన ఇంటికి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

అక్కడినుంచి జహనుమా పోయాం. యూసుఫ్ ఇంటి పరదా బయట నిలబడి ఉస్తాద్ వాళ్లమ్మకు సలాం చెప్పాడు. ఈసారి నాణెం ముందే పేదలకిచ్చేసి, వట్టి గుడ్డ కట్టి పంపమని అడిగాడు. గుడ్డ లోహం కాదు కదా. లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "పిఛ్లే సాల్ ఐసా పూఛ్‌తే తో నై దేతీ క్యా?" పోయినేడు ఇట్లా అడిగి ఉంటే ఇవ్వకపోదునా అని. ఉస్తాద్ తల వంచుకుని తిరిగొచ్చాడు.

పిల్లలూ, ఇది రాసుకోండి. ఆటరోజు చాకుతో కోయాల్సి వచ్చిందంటే, ముందురోజు నోటితో అడగలేదని అర్థం.

వెన్నముద్ద

ఆ ఏడు కూడా ఫైనల్‌కు ఆ రెండు కాలేజీలే వచ్చాయి. గోడల మీద, చెట్ల మీద, టాంగాల మీద జనం. ఉస్తాద్ రెండు జట్లనూ మైదానం నడిమధ్యకు పిలిచి, ఎదురెదురుగా నిలబెట్టాడు. కమిటీలో ఒకాయన, "ఇదేం తమాషా" అన్నాడు. ఉస్తాద్ వినలేదు.

యూసుఫ్ చెయ్యి చాచాడు. ఉస్తాద్ పచ్చగుడ్డను రెండు వేళ్లతో నలిపి, నాణెం లేదని అందరికీ కనిపించేలా తల ఊపాడు. తర్వాత సలీం ముందుకొచ్చాడు. ఉంగరం వేలికే ఉంది.

"బేటా, తియ్యి."

"రాదు ఉస్తాద్. మా తాత తొడిగిండు. వేలికి బిగిసిపోయింది."

షామియానా నుంచి మామగారి మనిషి పరుగెత్తుకొచ్చాడు. హుజూర్ ఆట మొదలుపెట్టమంటున్నారని చెప్పాడు. అప్పుడు ఉస్తాద్ ఎవరూ అనుకోని పని చేశాడు. బంతిని సెంటర్‌లో పెట్టి, దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఉంగరం తీస్తే ఆట. హుజూర్‌కు నా సలాం చెప్పు" అన్నాడు.

ఆయనది చిన్న బడి ఉద్యోగం. ఆ షామియానాలో ఒక్కరు తలుచుకుంటే ఆ ఉద్యోగం మిగలదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నిరుడు చెప్పులు విసిరినవాళ్లే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

అప్పుడు గీత దాటి మల్లయ్య వచ్చాడు. మళ్లీ లొల్లికి వచ్చాడేమోనని నేను అడ్డం పోయాను. ఆయన చేతిలో ఆకులో చుట్టిన వెన్నముద్ద. మైదానం బయట అమ్మడానికి తెచ్చుకున్నది. "జరుగు నర్సింగ్" అని నన్ను పక్కకు నెట్టి, సలీం చెయ్యి పట్టుకున్నాడు. "దొరా, జర ఓపిక పట్టు. కొత్త గాజులు తొడిగినట్టే తీస్త" అని వేలికి వెన్న రాసి, అటూ ఇటూ తిప్పుతూ లాగాడు. ఉంగరం జారి వచ్చింది. మైదానం అంతా నవ్వింది. సలీం కూడా నవ్వాడు. మామగారు నవ్వారో లేదో నేనటు చూడలేదు.

మొలతాడు

ఇక ఈల ఊదడమే తరువాయి అనుకున్నాం. సలీం చెయ్యి ఎత్తాడు. కొంటెతనంగా కాదు, మర్యాదగానే అడిగాడు.

"ఉస్తాద్, వాళ్ల గోల్‌కీపర్ నడుముకు వెండి ఉంది. నిరుడు కార్నర్ కిక్ అప్పుడు నా మోచెయ్యి గీసుకపోయింది."

అందరి కళ్లూ కొమురయ్య మీద పడ్డాయి. ఉస్తాద్ అతని నిక్కరు అంచు కాస్త దించి చూశాడు. వెండి మొలతాడు.

మల్లయ్య ఉస్తాద్ ముందుకొచ్చాడు. "గది సొమ్మెట్లయితది సాబ్? గది పెయ్యి! పురిట్ల కట్టింది. మొలతాడు సొమ్మని ఎవడన్న అంటడా?" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. మన ఇళ్లలో మగపిల్లవాడి మొలతాడును ఎవరు నగ అనుకుంటారు? ముక్కు, చెవి ఎట్లాగో అదీ అట్లాగే, పెయ్యిలో, అంటే ఒంట్లో, ఒక భాగం. పైగా కొమురయ్య ముందరి పిల్లలు దక్కకపోతే మొక్కుకుని కన్న బిడ్డ. దానికి కొక్కెం లేదు. బిడ్డ పెరిగినకొద్దీ కంసాలి రెండు లంకెలు, కడీలంటాం, కలిపి అతికేవాడు. తీయాలంటే తెంచాలి. మగవాడి మొలతాడు తెంచేది ఎప్పుడో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. పాడె మీద.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో, "గది వద్దు, గది వేరే" అన్నారు. ఇంకొకడు, "ఆట బందువెట్టున్రి!" అని అరిచాడు. ఉస్తాద్ మల్లయ్య వైపు చూశాడు. కొట్టం దగ్గర ఇచ్చిన పూచీ ఇద్దరికీ గుర్తుంది. ఇప్పుడు లొల్లి అయితే ఆ కాలేజీ పిల్లలకు ఆట ఇక లేదు. లొల్లి కాకుండా ఉండాలంటే ఒక తండ్రి తన కొడుకు మొలతాడు తెంచాలి.

మల్లయ్య జనం వైపు తిరిగాడు. "ఎవ్వడు మాట్లాడొద్దు. ఉంగరం తీసినప్పుడు నవ్వినం గద. ఇప్పుడు మనదాకా వచ్చింది" అన్నాడు. తర్వాత కొడుకు దగ్గరికి వెళ్లాడు. "తెంపుదం బిడ్డా. గని మొల బోడిగ ఉండొద్దు. కొత్తది కట్టినంకనే పాతది తియ్యాలె. దారం... ఎవని దగ్గరన్న దారం ఉన్నదా?"

అందరూ జేబులు తడుముకున్నారు. ఈలోగా యూసుఫ్ పళ్లతో తన జబ్బకున్న ముడి విప్పాడు. వాళ్లమ్మ కట్టిన పచ్చగుడ్డను నిలువునా చింపి, పేలికలు ముడివేసి పొడుగు చేశాడు. "చాచా, ఇది కట్టు" అని మల్లయ్య చేతిలో పెట్టాడు.

"నీది రా బిడ్డా. మీ అమ్మ కట్టింది."

"అమ్మీ అడిగితే కొమురయ్య మొలకున్నదని చెప్త. గోల్‌ల ఉండేది వాడు గద, దువా వానికే ఎక్కువ కావాలె."

మల్లయ్య తన కొడుకు నడుముకు ఆ పచ్చగుడ్డ చుట్టి మూడు ముళ్లు వేశాడు. గుర్రాలకు నాడాలు కొట్టేవాడొకడు పట్టకారు తెచ్చాడు. మల్లయ్య దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వెండి కడీని తానే తెంపాడు. చిన్న చప్పుడైంది. కొమురయ్య కళ్లు మూసుకుని తెరిచాడు. మల్లయ్య వాడి నెత్తి నిమిరి, వెండిని ఆకులో, మిగిలిన వెన్న పక్కన చుట్టుకుని గీత అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

నాకు ఏడుపొచ్చింది. జెండా పట్టుకున్నవాడు ఏడవకూడదని ఏ రూలులోనూ లేదు కాబట్టి ఏడ్చాను.

ఈల తర్వాత

ఆట బాగా జరిగింది. అంత శుభ్రమైన ఆట మళ్లీ నేను చూడలేదు. కొమురయ్య చాలా బంతులు ఆపాడు. చివరికి సలీం కొట్టిన ఒక బంతి అతని వేళ్లకు అందకుండా మూలలోంచి లోపలికి పోయింది. నేను జెండా ఎత్తలేదు, ఎత్తవలసింది ఏమీ లేదు. మా వైపువాళ్లు ఓడిపోయారు. ఒక్క చెప్పు గాలిలోకి లేవలేదు.

ఆ తర్వాత ఫైనల్స్‌కు ఉస్తాద్‌ను పిలవడం మానేశారు. కారణం ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు. ఏ గల్లీలో చిన్న ఆటకు ఈల ఊదినా అక్కడ జనం గుమిగూడేవాళ్లు. పాతబస్తీ కాలేజీని మాత్రం ఎవరూ తీసేయలేకపోయారు. నలభైలలో నేను ఈల పట్టిన నాటికి అన్ని కాలేజీల ఆటల్లోనూ ఆటగాళ్లను నడిమధ్యన నిలబెట్టి చూడడం అలవాటైపోయింది. అది ఎవరు మొదలుపెట్టారో చాలామందికి తెలియదు. మీకు తెలియాలనే రాశాను.

ఆ సాయంత్రం జనమంతా వెళ్లాక ఉస్తాద్, నేను గోలు స్తంభం దగ్గర బూట్లు విప్పుకుంటున్నాం. మల్లయ్య తన కొడుకు భుజం మీద చెయ్యేసుకుని వచ్చాడు. కొమురయ్య నిక్కరు అంచు మీదుగా పచ్చగుడ్డ కొస కొంచెం బయటికి వేలాడుతోంది. ఉస్తాద్ గబుక్కున లేచి, ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. క్షమించమని అడగడానికే అనుకుంటాను.

మల్లయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఓడినం సాబ్. ఎవ్వడు ఓడగొట్టలే. ఇయ్యాల నిద్రవడ్తది."